డాక్టర్ రాశాక, నర్సు ఇచ్చేలోపు: హాస్పిటల్ ఫార్మసిస్టు అసలు చేసేదేమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫార్మసీ చదువు చివరికొచ్చింది, హాస్పిటల్ వైపు వెళ్లాలని ఉంది. కానీ చుట్టూ ఉన్నవాళ్లు “డాక్టర్ రాస్తారు, నర్సు ఇస్తుంది, మధ్యలో అల్మరాలోంచి మందు తీసిచ్చేదానికి ఇంత చదువెందుకు?” అంటున్నారు. మన వల్ల రోగికి నిజంగా ఒరిగేదేమైనా ఉందా, డాక్టర్ రాసినదాన్ని ప్రశ్నిస్తే గొడవలు రావా అన్నది మీ సందేహం. నేను చాలా ఏళ్లుగా వార్డుల్లో, ఐసీయూలో, మందుల స్టోర్లో పనిచేస్తున్న హాస్పిటల్ ఫార్మసిస్టుని. కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

ఆ మాట అనేవాళ్లను నేను పూర్తిగా తప్పుపట్టను. ఫార్మసిస్టును స్టోర్ గదిలో కూర్చోబెట్టి ఇండెంట్లు, స్టాక్ రిజిస్టరు, ఎక్స్‌పైరీ తేదీలు మాత్రమే చూడమన్న చోట రోగికి ఒరిగేది తక్కువే. అక్కడ ఫార్మసిస్టు చేతికొచ్చేది మందు పేరు, డోసు, బెడ్ నంబరు. ఆ బెడ్ మీద ఉన్నది ఎవరు, వయసెంత, బరువెంత, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇంటి దగ్గర ఇంకేం వాడుతున్నారు అన్నవేవీ తెలియవు. అవి తెలియకుండా చీటీలో రాసింది సరిగ్గా తీసివ్వడం మాత్రమే కుదురుతుంది. రాసింది ఈ మనిషికి సరిపోతుందో లేదో చెప్పడం కుదరదు. మన అసలు పని ఆ రెండోది.

1999లో అమెరికాలో లూసియన్ లీప్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఐసీయూలో డాక్టర్ల రౌండ్స్‌కు ఒక సీనియర్ ఫార్మసిస్టును కూడా పంపారు. మందులు రాసే దశలో జరిగే, నివారించగలిగిన హాని వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) 10.4 నుంచి 3.5కు పడిపోయింది, అంటే 66 శాతం తగ్గింది. నాకు మాత్రం అందులో ఇంకో లెక్క బాగా నచ్చుతుంది. మందుల ఆర్డర్ల మీద ఆ ఫార్మసిస్టు ఇచ్చిన 366 సూచనల్లో 362ను డాక్టర్లు ఒప్పుకున్నారు. మీ గొడవల భయానికి సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం తర్వాత చెబుతాను.

ముందు ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. 78 ఏళ్ల ఆవిడ, బరువు 45 కిలోలు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి చేరింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఇంజెక్షన్ ఇనాక్సాపారిన్ రాశారు, కిలోకు 1 మి.గ్రా. చొప్పున, 12 గంటలకోసారి. పుస్తకం ప్రకారం సరైన డోసే. ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి) 1.2 ఉంది. దాని పక్కన ఎర్ర గుర్తు కూడా ఉండకపోవచ్చు, చూడగానే “ఫర్వాలేదు” అనిపించే అంకె. ఇప్పుడు కాక్రాఫ్ట్, గాల్ట్ 1976లో ఇచ్చిన సూత్రంలో పెట్టండి. 140లోంచి వయసు తీసేస్తే 62. దాన్ని బరువుతో గుణిస్తే 2790. 72ని క్రియాటినిన్‌తో గుణిస్తే 86.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 32, ఆడవాళ్లు కాబట్టి 0.85తో గుణిస్తే 27. అంటే ఆవిడ కిడ్నీలు నిమిషానికి 27 మి.లీ. మాత్రమే వడకడుతున్నాయి, దీన్నే క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు. 30 కంటే తగ్గితే ఇనాక్సాపారిన్ రోజుకు ఒక్కసారే ఇవ్వాలి. రాసినట్టే రెండుసార్లు ఇస్తూ పోతే మందు ఒంట్లో పేరుకుంటుంది, రక్తస్రావం కావచ్చు.

ఈ సంగతి డాక్టర్‌కు తెలియదా? తెలుసు. విడిగా అడిగితే టక్కున చెబుతారు. కానీ ఆయన ఆ పూట వరసగా ఎంతోమందిని చూస్తున్నారు, మధ్యలో ఫోన్లు, ఎమర్జెన్సీలు. ముసలివాళ్లలో కండ తక్కువ, కాబట్టి క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందువల్ల అంకె మంచిగా కనిపించి మోసం చేస్తుంది. ఈ లెక్క వేయడం ఎవరో ఒకరి రోజువారీ పని కావాలి. ఆ పని మనది. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు క్రియాటినిన్ పెరగడానికి కొంత సమయం పడుతుంది. నిన్న 0.9, ఇవాళ 1.6 అయితే ఆ 1.6ను సూత్రంలో పెట్టి వచ్చినదాన్ని నమ్మకండి, అసలు పరిస్థితి అంతకన్నా అధ్వానంగా ఉండొచ్చు. మూత్రం ఎంత వస్తోందో చూడండి. దీనికి తలకిందులుగా, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో చేరిన కొందరు కుర్రవాళ్లలో కిడ్నీలు మామూలు కంటే వేగంగా పనిచేసి యాంటీబయాటిక్‌ను బయటికి తోసేస్తాయి. అక్కడ మామూలు డోసు చాలదు. ఫార్మసిస్టు అంటే డోసు తగ్గించమనే మనిషి అని ఒక పేరుంది. పెంచమని చెప్పాల్సిన సందర్భాలూ తక్కువేం కాదు.

ఇక అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు దొరికే చోటు గురించి. అది మనిషి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే చోటు. ఇంటి నుంచి హాస్పిటల్‌కు, ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి మళ్లీ ఇంటికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు అంశాలకు ప్రాధాన్యమిచ్చింది: ప్రమాదం ఎక్కువున్న మందులూ పరిస్థితులూ, ఒకేసారి చాలా మందులు వాడటం, ఈ చేతులు మారే సమయాలు. పాఠ్యపుస్తకాల్లో ఈ మూడోదానికి చాలా తక్కువ చోటు ఇస్తారని నా ఫిర్యాదు.

రోగి చేరినప్పుడు కేస్ షీట్‌లో “బీపీ, షుగర్, మందులు వాడుతున్నారు” అని ఉంటుంది. ఏ మందులు? “తెల్ల మాత్ర ఒకటి, చిన్నది గులాబి రంగుది.” మీరు వెళ్లి కూర్చుని అడగాలి. ఒక్కరి మాట మీద ఆగకూడదు. రోగిని, ఇంట్లో మందులు చూసుకునేవాళ్లను, పాత చీటీలను, వీలైతే మందుల అట్టలను అన్నిటినీ పోల్చుకోవాలి. ఏం వాడుతున్నారని ఊరికే అడిగితే మాత్రల పేర్లు మాత్రమే చెబుతారు. కంటి చుక్కలు, ఇన్‌హేలర్లు, వారానికోసారి వేసుకునేవి, నెలకోసారి ఇంజెక్షన్, చర్మానికి అంటించే పట్టీలు, మూలికల పొడులు, నొప్పి వచ్చినప్పుడు సొంతంగా కొనుక్కునే మాత్రలు వాళ్ల లెక్కలో మందులు కావు. ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి. నిన్న ఏ మందు ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా అడగండి, ముఖ్యంగా ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు.

వారానికోసారి అన్నాను కదా, మెథోట్రెక్సేట్ దగ్గర కాసేపు ఆగుదాం. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. హాస్పిటల్ మందుల చార్టు రోజువారీ లెక్కతో తయారైనది, కాబట్టి అందులోకి ఎక్కిస్తున్నప్పుడు పొరపాటున “రోజూ” అయిపోతుంది. కొన్ని రోజులు అలా ఇస్తే నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని, తెల్లకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇలా మరణాలు జరిగాయి. నేను మెథోట్రెక్సేట్ ఆర్డరు చూస్తే మూడు అడుగుతాను. ఏ జబ్బుకు? వారంలో ఏ రోజు? చివరిసారి ఎప్పుడు? రోజు పేరు చార్టులో రాయకుండా మందు పంపను. దీన్ని కొందరు చాదస్తం అంటారు. అననివ్వండి.

ఐసీయూ నుంచి వార్డుకు వచ్చేటప్పుడు సమస్య ఇంకో రకం. అక్కడ అవసరం కొద్దీ మొదలుపెట్టినవి ఆపడం మరచిపోతారు. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు కడుపులో పుండ్లు పడకుండా ఇచ్చిన పాంటోప్రజోల్, రాత్రిళ్లు కలవరిస్తున్నారని ఇచ్చిన క్వెటియాపిన్ వార్డుకూ, అక్కడి నుంచి ఇంటికీ వెళ్లిపోతాయి. ఎందుకు వాడుతున్నారో ఎవరికీ తెలియకుండా నెలల తరబడి కొనసాగుతాయి. చార్టులో ప్రతి మందుకూ ఎదురుగా “ఇది ఎందుకు?” అని అడుక్కుంటూ పోతే సగం సమస్యలు వాటంతటవే బయటపడతాయి.

డిశ్చార్జ్ రోజున అందరికీ తొందరే. ఇంటికి వెళ్తున్నామన్న సంతోషంలో రోగి ఏం చెప్పినా తలూపుతాడు. అందుకే కొత్తగా ఏం ఇచ్చామో చెప్పడం కంటే ముందు, పాతవాటిలో ఏది ఆపేశామో చెప్పాలంటాను. ఆపేసిన మందు ఇంట్లో డబ్బాలో అలాగే ఉంటుంది, మర్నాటి నుంచి మళ్లీ మొదలవుతుంది. పైగా ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో దొరుకుతుంది. హాస్పిటల్ ఇచ్చిన అట్ట మీద ఒక పేరు, ఇంట్లో ఉన్న అట్ట మీద ఇంకో పేరు, లోపల ఉన్నది ఒకటే బీపీ మందు, అటెనొలాల్. రెండూ వేసుకుంటే గుండె వేగం బాగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. చెప్పడం అయ్యాక “అర్థమైందా?” అని అడగకండి, అందరూ అర్థమైందనే అంటారు. “రేపు పొద్దున లేచాక ఏం వేసుకుంటారో నాకు చెప్పండి” అనండి. అప్పుడు తెలుస్తుంది.

మందుల మధ్య పడని జంటల గురించి కాలేజీలో చాలా చదివే ఉంటారు. వార్డులో ఎదురయ్యేది కొంచెం వేరు. ఇద్దరు డాక్టర్లు, ఎవరికి వారు సరిగ్గానే రాస్తారు. కిడ్నీ మార్పిడి అయిన మనిషి, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా అజాథయోప్రిన్ వాడుతున్నాడు. బొటనవేలు వాచి గౌట్ అని తేలింది, ఇంకొకరు యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ రాశారు. ఏ మందుకా మందు తప్పులేదు. కానీ అజాథయోప్రిన్‌ను విరిచే దారుల్లో ఒకదాన్ని అలోప్యూరినాల్ మూసేస్తుంది. దాంతో అజాథయోప్రిన్ పేరుకుపోయి ఎముక మజ్జ మీద దెబ్బ పడుతుంది. వీలైతే ఆ జంటనే తప్పించాలి, తప్పదంటే అజాథయోప్రిన్ డోసు నాలుగోవంతుకో మూడోవంతుకో దించి రక్తకణాల మీద కన్నేసి ఉంచాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ అని కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా ఇలాంటిదే. నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె) పైకి ఎగబాకుతుంది. ఒక్కో డాక్టర్ ఒక్కో అవయవాన్ని చూస్తున్నప్పుడు, మందులన్నిటినీ ఒకేచోట పరిచి చూసేవాళ్లు ఒకరు కావాలి.

“కంప్యూటర్ హెచ్చరిస్తుంది కదా” అంటారు. హెచ్చరిస్తుంది, ప్రతిదానికీ. ఆర్డరు ఒకటి పెడితే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి. వాటిలో పనికొచ్చేది ఒకటో రెండో. కొన్నాళ్లకు అందరూ చదవకుండానే మూసేయడం అలవాటు చేసుకుంటారు, ఫార్మసిస్టులతో సహా. ఏ హెచ్చరిక ఈ రోగికి వర్తిస్తుందో తేల్చగలిగేది రోగిని చూసినవాళ్లే.

జంటల కంటే నేను ఎక్కువగా వెతికేది గొలుసులను. బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే కొందరికి పాదాలు వాస్తాయి. అది మందు వల్ల వచ్చిన వాపని గుర్తించకుండా నీరు పోయే మాత్ర ఇస్తారు. దానివల్ల పొటాషియం పడిపోతుంది. దానికి పొటాషియం సిరప్. అది కడుపులో మంట పెడితే దానికో మాత్ర. ఆ మనిషికి గుండె మందు డిగాక్సిన్ కూడా ఉందనుకోండి, పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంగా మారుతుంది. ఇదంతా మొదటి మాత్ర మార్చి ఉంటే అవసరమే లేదు. కొత్త లక్షణం కనిపిస్తే ముందు చార్టు చూడాలి, జబ్బు తర్వాత.

రాతలో, అంకెల్లో వచ్చే తప్పుల గురించి మీకు తెలిసే ఉంటుంది కాబట్టి త్వరగా చెబుతాను. ఇన్సులిన్ “యూనిట్లు” అని పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్ మొదటి అక్షరం మాత్రమే పెడితే అది సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది. 1.0 అని రాస్తే చుక్క చెరిగి 10 అవుతుంది, కాబట్టి 1 చాలు. ఒకటి కంటే తక్కువైతే చుక్క ముందు సున్నా తప్పనిసరి. పిల్లల వార్డులో పది రెట్ల తప్పు జరిగేది ఎక్కువగా ఇలాంటి చోటే. సిరప్ డోసు మి.లీ.లలో మాత్రమే ఉంటే నేను మి.గ్రా. రాయించుకుంటాను. ఒకే మందు రెండు గాఢతల్లో దొరుకుతుంది కదా, 5 మి.లీ. అంటే ఎంతని అనుకోవాలి?

ఒకేలా కనిపించే సీసాల సంగతి మాత్రం త్వరగా దాటేయలేను. 2006లో అమెరికాలో ఒక నవజాత శిశువుల విభాగంలో, మి.లీ.కు 10 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉండాల్సిన చోట 10,000 యూనిట్ల సీసాలు పెట్టారు. రెండింటి లేబుళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. అది ఫార్మసీ నుంచి మొదలైన తప్పు. సీసాలు పెట్టినవాళ్లు నిర్లక్ష్యపు మనుషులని తేల్చేస్తే రేపు ఇంకోచోట అదే జరుగుతుంది. గాఢత ఎక్కువున్న సీసా ఆ వార్డుకు చేరే అవకాశమే లేకుండా చేయాలి. గాఢ పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్‌ను వార్డు అల్మరాల్లోంచి తీసేసి, ముందే పలచబరిచిన సంచులు పంపడం ఇందుకే. నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది, పక్కనే ఉన్న డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌కూ దానికీ తేడా అర్ధరాత్రి మసక వెలుతురులో తెలియదు. క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపడం కూడా అంతే. అది సిరలోకే వెళ్లాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. సిరంజిలో ఉంటే ఆ పొరపాటు జరగొచ్చు, సంచిలో ఉన్నదాన్ని వెన్నులోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు. ఇలాంటి ఏర్పాటు ఒకటి చేయిస్తే, అది మీరు సెలవులో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. ఫార్మసిస్టు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే, బయటికి కనిపించనిదీ ఇదే.

ఇంజెక్షన్లు కలపడంలో నర్సులకు మనం కావాలి, మనకు నర్సులు కావాలి. మూర్ఛ మందు ఫినైటోయిన్‌ను సెలైన్‌లోనే కలపాలి, గ్లూకోజ్‌లో కలిపితే గట్టిపడి రేణువులవుతుంది. ఫంగస్ మందు ఆంఫోటెరిసిన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం, గ్లూకోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగలకూడదు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము కనీసం గంటసేపు ఎక్కించాలి, వేగంగా పోతే మెడ, ముఖం, ఛాతీ ఎర్రబడి దురదలు, బీపీ పడిపోవడం. దాన్ని అలర్జీ అని రాసేస్తే ఆ మనిషికి జీవితాంతం ఒక మంచి మందు దూరమవుతుంది, నిజానికి అది వేగం వల్ల వచ్చింది. నెలలోపు పసికందులకు సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్‌నూ కాల్షియం ఉన్న ద్రవాలనూ కలిపి వాడకూడదు. ఆంఫోటెరిసిన్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. మామూలు రకం రోజుకు కిలోకు 1.5 మి.గ్రా. దాటకూడదు, కొవ్వు పొరలో చుట్టిన లైపోసోమల్ రకం 3 నుంచి 5 మి.గ్రా. దాకా ఇస్తారు. పేరులో ఆ ఒక్క ముక్క చూడకపోతే మూడు రెట్ల విషం వెళ్తుంది. ఏ రకమో రాయని ఆర్డరును నేను తిప్పి పంపుతాను.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్న రోగికి మాత్రలు నూరి ఇవ్వొచ్చా అని సిస్టర్లు రోజూ అడుగుతారు. అడగడమే మంచిది. నెమ్మదిగా విడుదలయ్యే బీపీ మాత్ర నిఫెడిపిన్‌ను నూరితే రోజంతా పనిచేయాల్సింది ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది, బీపీ కుప్పకూలుతుంది. అదే గొట్టంలో ఫినైటోయిన్ ఆహారంతో పాటు పోస్తే సరిగ్గా ఒంటబట్టదు, మూర్ఛలు తిరగబెడతాయి. “డోసు చాలడం లేదు” అని పెంచుతారు. తర్వాత గొట్టం తీసేశాక అదే డోసు ఎక్కువైపోయి మనిషి తూలుతాడు.

ఇలాంటివి చూశాకే నాకు అర్థమైంది, మందు పనిచేయడం లేదన్నప్పుడు మందును అనుమానించే ముందు, అది అసలు లోపలికి వెళ్తోందా అని చూడాలి. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర పొద్దున్నే కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు, రెండింటికీ నాలుగు గంటల ఎడం కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతోనో, యాంటాసిడ్‌తోనో వేసుకుంటే అంతే సంగతి. ఆస్తమా అదుపులోకి రావడం లేదని వచ్చినవాళ్లను ఇన్‌హేలర్ నా ముందు వాడి చూపించమంటాను. మందు నోట్లోనే మిగిలిపోతోందని తెలియడానికి నిమిషం చాలు.

యాంటీబయాటిక్స్ విషయంలో మన పాత్ర మీద వేరే పెద్ద చర్చే పెట్టొచ్చు. ఇక్కడికి కావలసినంత చెబుతాను. మొదట ఏ క్రిమో తెలియక గట్టి మందు మొదలుపెడతారు, అది సబబే. 48 నుంచి 72 గంటల్లో ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ రిపోర్టు వస్తుంది. ఆ రోజు ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని వెళ్లి “ఇప్పుడు చిన్న మందుకు దిగుదామా, ఆపేద్దామా, మాత్రలకు మారుద్దామా?” అని అడగాలి. లెవోఫ్లాక్సాసిన్, లైనజోలిడ్, మెట్రోనిడజోల్, ఫ్లూకోనజోల్ లాంటివి నోటి ద్వారా ఇచ్చినా దాదాపు పూర్తిగా రక్తంలో కలుస్తాయి. మింగగలిగి, కోలుకుంటున్న చాలామందికి ఇంకా సిరలోకి ఎక్కిస్తూ ఉండటం వల్ల లాభం లేదు, సూది పెట్టిన చోట ఇన్ఫెక్షన్ రావడమే మిగులుతుంది. వాంకోమైసిన్ లెక్క కూడా మారింది. 2020 మార్గదర్శకాల తర్వాత, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో డోసుకు ముందు తీసే ఒక్క రక్తపరీక్ష అంకెనే పట్టుకోకుండా, 24 గంటల్లో ఒంటికి అందే మొత్తం మందును (ఏయూసీ అనే లెక్క) 400 నుంచి 600 మధ్య ఉంచమంటున్నారు. ఆ లెక్క వేసేది చాలాచోట్ల ఫార్మసిస్టే. రక్తం ఎన్ని గంటలకు తీశారో సరిగ్గా రాయకపోతే ఎంత మంచి లెక్కైనా వృథా. డిగాక్సిన్‌కూ అంతే, డోసు ఇచ్చాక కనీసం ఆరు గంటలు ఆగకుండా తీసిన రక్తంలో అంకె ఎక్కువగా కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. “పెన్సిలిన్ అలర్జీ” అన్న మాట కేస్ షీట్‌లో కనిపిస్తే, ఏం జరిగింది, ఎప్పుడు, ఎన్నాళ్లకు తగ్గింది అని అడగండి. అలా రాసి ఉన్నవాళ్లలో పదిమందిని సరిగ్గా పరీక్షిస్తే సుమారు తొమ్మిదిమందికి అలర్జీ లేదని తేలుతుంది. చిన్నప్పుడు విరేచనాలైతే కూడా అలర్జీ అనే రాసేస్తారు.

ఇప్పుడు గొడవల సంగతి. డాక్టర్‌ను “ఈ డోసు తప్పు” అని పలకరిస్తే ఎవరికైనా కోపమే వస్తుంది. నేను ఎప్పుడూ రోగితో మొదలుపెడతాను, తర్వాత అంకె, తర్వాత ప్రత్యామ్నాయం. “సర్, 12వ బెడ్‌లో ఆవిడకు క్రియాటినిన్ క్లియరెన్స్ 27 వచ్చింది. ఇనాక్సాపారిన్ 45 రోజుకు ఒక్కసారికి మార్చమంటారా?” పది సెకన్లలో అయిపోతుంది, ఆయన “సరే” అంటే చాలు. సమస్య చెప్పి ఊరుకుంటే ఆయనకు ఇంకో పని పెట్టినట్టు, జవాబు కూడా పట్టుకెళ్తే పని తగ్గించినట్టు. ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయకండి. రోగికి తేడా రాని విషయాలకు మీ పరపతి ఖర్చు చేస్తే, నిజంగా ప్రమాదం ఉన్న రోజున మీ ఫోన్ ఎత్తరు. ఒక్కోసారి డాక్టర్ ఒప్పుకోరు, అందుకు మంచి కారణం ఉంటుంది కూడా. మీకు తెలియని సంగతి ఆయనకు తెలిసి ఉండొచ్చు. కారణం అడిగి కేస్ షీట్‌లో రాసి వదిలేయండి. కానీ ఆ డోసు ప్రాణానికి ముప్పు అని మీకు గట్టిగా అనిపిస్తే మందు పంపకండి, పై డాక్టర్‌కు వెళ్లండి, మీ సీనియర్‌ను తోడు తీసుకోండి. అప్పుడు మొహమాటం పనికిరాదు.

ఫార్మసిస్టు ఎన్ని తప్పులు పట్టాడో లెక్కపెట్టి పనితీరు కొలిచే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. నాకది నచ్చదు. ఆ లెక్క పెంచుకోవడానికి పనికిమాలినవన్నీ రాస్తారు. రౌండ్స్‌లో పక్కనే నిలబడి ఉంటే తప్పు రాయకముందే ఆగిపోతుంది, అది ఏ లెక్కలోనూ పడదు.

స్టోర్ పనిని చిన్నచూపు చూడమని కూడా నేననను. ఇన్సులిన్, చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది కానీ పారేయాల్సిందే. ఒక మందు దొరక్క వేరే గాఢతలో వచ్చినప్పుడు ఆ సంగతి వార్డులకు ముందే చెప్పకపోతే పాత అలవాటు కొద్దీ పాత మి.లీ.లే ఎక్కిస్తారు. కొరత వచ్చిన రోజు స్టోర్లో కూర్చున్నవాళ్లకు వార్డు తెలిసి ఉండాలి.

మీ విషయానికొస్తే, ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతంతో పాటు నాలుగు అడగండి. ఫార్మసిస్టులు రౌండ్స్‌కు వెళ్తారా? ల్యాబ్ రిపోర్టులు, కేస్ షీట్ చూసే వీలుందా? కొత్త ఆర్డర్లను మొదటి డోసుకు ముందు చూస్తారా, తర్వాతా? రాత్రిపూట, సెలవు రోజుల్లో ఎవరు చూస్తారు? నాలుగింటికీ “లేదు” అంటే అక్కడ మీరు మందులు తీసిచ్చే మనిషే అవుతారు, మీవాళ్లు అన్నట్టే. చేరాక అందరూ ఐసీయూ అంటారు, నేను మాత్రం మొదట ఆరునెలలు జనరల్ మెడిసిన్ వార్డు అడగమంటాను. పది మందులు వాడే పెద్దవాళ్లు, కిడ్నీ సమస్యలు, రోజూ చేరేవాళ్లు, వెళ్లేవాళ్లు, అన్నీ అక్కడే ఉంటాయి. ఈలోగా చదవాలనుకుంటే కిడ్నీ లెక్కలు, ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు, యాంటీబయాటిక్స్ ఈ నాలుగూ గట్టిగా పట్టుకోండి. వార్డులో మొదటి ఏడాది మీకొచ్చే ఫోన్లలో చాలావరకు వీటి గురించే ఉంటాయి.